ఊరి కొలువునకు ఊరే యజమాని

నేడు మన పట్టణములలో ఏ గ్రంథాలయమునకు పోయినను ఒక దృశ్యము కానవచ్చుచున్నది. తలుపులు తెరువక మునుపే యువకులును యువతులును పుస్తకముల సంచులతో వాకిట బారులు తీరియుందురు. హైదరాబాదులోని చిక్కడపల్లి గ్రంథాలయము మొదలుకొని జిల్లా కేంద్రములందలి పఠనమందిరముల వరకు ఇదియే తీరు. వారు పత్రికను చేతబట్టుట వార్తకొరకు గాదు. రేపటి పరీక్షలో రాగల ప్రశ్నకొరకు. గ్రూపు పరీక్షలలో గెలిచి ప్రభుత్వపు కొలువు సంపాదింపవలెనని ఒక్కొక్కరు నాలుగేండ్లు, అయిదేండ్లు ఈ విధముగ తపస్సు చేయుచున్నారు. ఈ తపస్సును మేము నిందింపము. పల్లెనుండి తల్లిదండ్రులు పంపు డబ్బుతో ఇరుకుగదిలో కాలము గడపుచు చదువుకొను బిడ్డను నిందించుటకు ఎవరికి నోరు వచ్చును?

అయినను ఆ చదువరులను ఒక ప్రశ్న యడుగవలెనని మాకు తోచుచున్నది. వారు కూర్చున్న గదిలోని దీపము, ఎదుటనున్న పత్రిక ఎవరి సొమ్ముతో వచ్చినవి? గ్రంథాలయ చట్టము ననుసరించి పౌరుడు కట్టు ఇంటిపన్నుపై రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలగును. వసూలు చేయునది పురపాలక సంఘము లేక పంచాయతి. ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలసినదియు అదియే. జమకట్టక బకాయి పెట్టుట మన సంఘములకు క్రొత్తగాదు. బకాయి పెరిగిననాడు క్రొత్త పుస్తకములు రావు, పత్రికల సంఖ్య తగ్గును, విరిగిన కుర్చీ విరిగినట్లే యుండును. ఈ సంగతిని సభలో నిలబడి యడుగవలసినవాడు వార్డు సభ్యుడు. ఆ సభ్యుడెవరని యడిగినచో ఆ గదిలో ఎందరు చెప్పగలరు? రాజ్యాంగ మందలి అధికరణములను వరుసతప్పక అప్పగింపగలవారు తమ వార్డు సభ్యుని పేరెరుగరు. ఇది వారి దోషము గాదు. ఆ పేరు తెలిసికొన్నను ప్రయోజనము లేనంతటి స్థితికి మనమే ఆ పదవిని దింపితిమి.

ప్రజాసేవకు రెండు బాటలు గలవు. పరీక్షనిచ్చి కొలువులో చేరుట యొకటి. ఎన్నికలో నిలిచి ప్రజల విశ్వాసమును పొందుట మరియొకటి. ఈ రెండు బాటలును మొదట కలిసికొనవలసిన కూడలి ఊరి సభ. అచ్చట పని తెలిసిన అధికారి, ప్రజలెన్నుకొన్న సభ్యునకు జవాబు చెప్పుచు పనిచేయవలెను. ఆ సభ్యుడును అధికారివలన పని నేర్చుకొని పెద్ద బాధ్యతలకు తగినవాడు కావలెను. నేడు మన ఊళ్లలో ఈ కూడలి మూతపడియున్నది. ఊరి పని చేయువాడు ఊరికి జవాబుదారి కాడు. ఊరు ఎన్నుకొన్నవాడు ఊరి పనికి కర్త కాడు. దీనిని సరిదిద్దనంతకాలము స్థానిక పరిపాలనమున ఎన్ని సంస్కరణములు వచ్చినను అవి కాగితమునకే పరిమితములగునని మా దృఢాభిప్రాయము.

ఈ కూడలి యెల్లప్పుడు ఇట్లే యుండలేదు. 1882 మే 18వ తేదీన రిప్పను ప్రభువు ప్రభుత్వము వెలువరించిన తీర్మానము మన దేశమున స్థానిక స్వపరిపాలనమునకు ప్రాతిపదిక యని చెప్పుదురు. పరిపాలనము వెంటనే మెరుగుపడుటకంటె ప్రజలకు రాజకీయవిద్య అలవడుటయే తన ముఖ్యోద్దేశమని ఆ తీర్మానము ఒప్పుకొన్నది. 1884లో మద్రాసు రాజధానిలో మ్యునిసిపాలిటీల చట్టము, లోకలు బోర్డుల చట్టము వచ్చినవి. అధికారము స్వల్పము, ఓటు పన్నుకట్టు కొందరిది మాత్రమే, కలెక్టరు నీడ ఎల్లపుడు సభపై పడియుండెడిది. అయినను ఆ ఇరుకుతావులోనే మన నాయకులు పలువురు తమ మొదటి పాఠములు నేర్చిరి.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు బారిష్టరు చదువునకై ఇంగ్లండు పోకముందే రాజమహేంద్రవరపు పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. ఆయనయే 1953లో ఆంధ్రరాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి. చక్రవర్తుల రాజగోపాలాచారిగారు 1917 మొదలు 1919 వరకు సేలము మ్యునిసిపాలిటీని నడపిరి. వల్లభభాయి పటేలు 1917లో అహమ్మదాబాదు పురపాలక సభలో అడుగిడి, సివిలు సర్వీసుకు చెందిన ఆంగ్లేయ కమీషనరుతో తలపడి, 1924నుండి 1928వరకు ఆ సంఘమునకు అధ్యక్షుడుగ నుండెను. 1927లో వరదలు గుజరాతును ముంచెత్తినపుడు ఆయన చూపిన కార్యదక్షత ఉపన్యాసములవలన వచ్చినది గాదు. కాలువలు, చెత్తబండ్లు, కుళాయిలు చూచి చూచి వచ్చినది. జవాహరలాలు నెహ్రూ 1923లో అలహాబాదు మ్యునిసిపాలిటీకి అధ్యక్షుడయ్యెను. దేశమును ఏలినవారు ముందు ఊరిని ఊడ్పించినవారని ఈ చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

వీరందరి కథలలో సుభాష్ చంద్రబోసు కథ నేటి యువకునకు మిక్కిలి దగ్గరిది. 1920లో ఆయన ఐ.సి.యస్. పరీక్షలో నాలుగవవాడుగ నెగ్గెను. నాటి భారతీయ యువకునకు అంతకు మించిన కొలువు లేదు. 1921 ఏప్రిలులో ఆయన ఆ కొలువును వదలివేసెను. ఇంతవరకు మన పాఠ్యపుస్తకము లన్నియు చెప్పును. పిమ్మట జరిగినదానిని తక్కువమంది తలతురు. 1924లో క్రొత్త చట్టము క్రింద కలకత్తా కార్పొరేషనుకు ఎన్నికలు జరిగినవి. చిత్తరంజన్ దాసు మొదటి మేయరయ్యెను. ఇరువదియేడేండ్ల సుభాషుని ప్రధాన కార్యనిర్వాహకాధికారిగ నియమించిరి. ఆ పదవి జీతము నెలకు 3,000 రూపాయలు. ఆయన 1,500 మాత్రమే పుచ్చుకొనెను. ఆ ఏడు అక్టోబరులోనే ప్రభుత్వము ఆయనను నిర్బంధించి, తరువాత బర్మాలోని మాండలే జైలునకు పంపెను.

ఇందలి మర్మమును మన చదువరులు గ్రహింపవలెను. సుభాషుడు కొలువును అసహ్యించుకొన్నవాడు గాడు. ఫైళ్లు చూచుట, నీటిగొట్టములు వేయించుట, రోడ్లు బాగుచేయించుట తక్కువపనులని ఆయన తలపలేదు. ఆయన తిరస్కరించినది లండనునకు జవాబు చెప్పుకొను కొలువును. స్వీకరించినది కలకత్తా పౌరులెన్నుకొన్న సభకు జవాబు చెప్పుకొను కొలువును. జీతము ఎంత యనుటకంటె, యజమాని ఎవరనునదియే ఆయనకు ముఖ్యమైన ప్రశ్న. నేటి మన పరీక్షార్థి కూడ ఈ ప్రశ్న నడుగవలదా? తాను రేపు కమీషనరో, ఇంజనీరో, పంచాయతి కార్యదర్శియో అయినపుడు తన పనికి మెచ్చుకోలుగాని మందలింపుగాని ఎవరినుండి రావలెను? తాను సేవించు ఊరినుండియా, ఎన్నడు ఆ వీధిని చూడని కార్యాలయమునుండియా?

ఊరి సమ్మతి లేని ఊరి పరిపాలన యెట్టిదో ఆంధ్రులకు వేరొకరు చెప్పనక్కరలేదు. చీరాల, పేరాల గ్రామములను కలిపి ప్రభుత్వము మ్యునిసిపాలిటీగ చేసినపుడు ప్రజలు ఒప్పుకొనలేదు. నేతగాండ్రు, చిన్నవర్తకులు నిండిన ఊరు. పన్నుభారము పెక్కురెట్లు పెరిగెను. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులలో అత్యధికులు ఇండ్లు వాకిళ్లు విడిచి ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఏ. చదివినవారు, ఏ కొలువైనను కోరి పొందగలిగినవారు. ఆయన రామదండును కూర్చి, పాకల నడుమ ప్రజలతో బ్రతికి, చెరసాల కేగిరి.

చీరాలను మనము పన్నుల నిరాకరణమునకు గుర్తుగ మాత్రమే తలచుట పొరపాటు. ఆ ప్రజలకు వీధిదీపములు వలదా? మంచినీరు వలదా? వలయును. తమకు ఏమి వలయునో, దానికి ఎంత చెల్లింపగలమో నిర్ణయించు హక్కు తమదియే యనిరి. దీపమునకంటె ముందు ఈ హక్కు వలయుననుటయే చీరాల చెప్పిన మాట. ఈ మాట విదేశీ ప్రభుత్వమునకు మాత్రమే వర్తించునని, స్వదేశీ ప్రభుత్వము వచ్చినపిదప దానికి కాలదోషము పట్టినదని ఎవరైన తలచినచో వారితో మేము ఏకీభవింపజాలము.

స్వరాజ్యము వచ్చినపిదప ఏమి జరిగినది? దానికి ముందే ఒక పెడపోకడ మొదలైనదని గుర్తింపవలెను. 1930 దశకమున మద్రాసు ప్రభుత్వము మ్యునిసిపాలిటీలకు కమీషనర్లను నియమించి, కార్యనిర్వాహకాధికారమును ఎన్నికైన ఛైర్మనుల చేతినుండి తీసికొని వారి కప్పగించెను. ఛైర్మనులు పక్షపాతము చూపుచున్నారని, లెక్కలు చెడగొట్టుచున్నారని కారణము చెప్పిరి. ఆ ఆరోపణ కొన్నియెడల నిజమే. కాని రోగమునకు మందుగ వచ్చిన ఆ యేర్పాటు రోగి కోలుకొన్నను తొలగలేదు. పాలకులు మారిరి, కమీషనరు మాత్రము పైవారి మనిషిగనే మిగిలెను.

1948 నవంబరులో రాజ్యాంగసభ పంచాయతులను నిర్మింపుడని ఒక ఆదేశసూత్రమును చేర్చినది. అదియే నేటి 40వ అధికరణము. 1957లో బలవంతరాయ్ మెహతా సంఘము మూడంచెల వ్యవస్థను సూచించెను. 1959 అక్టోబరు 11వ తేదీన షాద్‌నగరులో నెహ్రూ పండితుడు మన రాష్ట్రమున పంచాయతిరాజ్యమును ప్రారంభించెను. రాజస్థానము తరువాత మనదే రెండవ రాష్ట్రము. 1986లో మండల వ్యవస్థకు చట్టమై మరుసటి యేట ఎన్నికలు జరిగెను. పిదప 73, 74వ రాజ్యాంగ సవరణములు వచ్చి 1993లో అమలులోనికి వచ్చెను. పంచాయతుల కప్పగింపదగిన విషయములు 29, పట్టణసభల కప్పగింపదగినవి 18 అని షెడ్యూళ్లు వ్రాసిరి. కాలము అయిదేండ్లు, ఆ గడువు తీరకమునుపే ఎన్నిక ముగియవలెనని శాసించిరి. ఇంతకంటె స్పష్టముగ వ్రాయుట న్యాయశాస్త్రజ్ఞునకు సాధ్యము గాదు.

ఆ శాసనమును మన పట్టణములు ఎట్లనుభవించినవో చూడుడు. హైదరాబాదు నగరసభకు 1986లో ఎన్నికలు జరిగిన పిమ్మట మరల 2002లో గాని జరుగలేదు. ఉమ్మడి రాష్ట్రమున 2005లో ఎన్నికైన పురపాలక సంఘముల గడువు 2010లో తీరగా, మరుసటి ఎన్నిక 2014 మార్చిలో వచ్చినది. విశాఖపట్టణపు మహానగరసభ గడువు 2012లో ముగిసినది. క్రొత్త సభ 2021లో ఏర్పడినది. ఆంధ్రప్రదేశములో గ్రామ పంచాయతుల గడువు 2018 ఆగస్టులో తీరగా 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగినవి. ఈ మధ్యకాలమునందెల్ల ప్రత్యేకాధికారుల పాలన. ఏ పక్షము అధికారమున నున్నను ఇదియే కథ గనుక మేము ఒక పక్షమును వ్రేలెత్తి చూపుటలేదు. వార్డుల విభజన కాలేదని, రిజర్వేషనులు తేలలేదని, కోర్టులో దావా యున్నదని ప్రతిసారి ఒక సాకు దొరకును. శాసనసభ ఎన్నికకు ఇట్టి సాకులు ఎన్నడును దొరకవు!

2006లో సుప్రీముకోర్టు కిషన్ సింగ్ తోమర్ వ్యాజ్యమున ఈ విషయమునే తేల్చిచెప్పినది. గడువులోగా ఎన్నిక జరుపుట రాజ్యాంగవిధి యనియు, మానవ ప్రయత్నమునకు అతీతమైన విపత్తు వంటి కారణము తప్ప ఆలస్యము చెల్లదనియు ఆ తీర్పు సారాంశము. ఆ వ్యాజ్యము పటేలు ఏలిన అహమ్మదాబాదు నగరసభ యెన్నికను గూర్చినదే. ఏ ఊరిలో పురపాలనమునుండి ఒక జాతీయనాయకుడు లేచెనో, ఆ ఊరు తన సభ యెన్నికకొరకు సర్వోన్నత న్యాయస్థానము మెట్లెక్కవలసివచ్చినది. ఆ తీర్పు వెలువడిన తరువాతనే గదా విశాఖకు తొమ్మిదేండ్లు సభ లేకుండెను!

సభ లేని కాలమున ఊరికి కలుగు నష్టము పన్నుల లెక్కలో మాత్రమే కానరాదు. కేంద్ర ఆర్థిక సంఘపు నిధులు నిలిచిపోవుట మన పంచాయతు లెరిగినదే. దానికి మించిన నష్టము మరియొకటి గలదు. తొమ్మిదేండ్లలో ఒక తరము యువకులు ఇరువదియైదునుండి ముప్పదినాలుగేండ్లవారగుదురు. ఆ వయస్సున వారికి వార్డు సభ్యత్వమను మెట్టే లేకుండెను. మెట్టు లేనిచోట మేడ యెక్కువారెవరు? తాత మేడమీదనే పుట్టినవాడు, లేక ధనమను నిచ్చెన గలవాడు. మన శాసనసభలలో వారసులును ధనికులును హెచ్చుచున్నారని వగచువారు ఈ విరిగిన మెట్టును ఒకపరి చూడవలెను.

ఇక సభ యున్నపుడైనను సభ్యుని స్థితి యేమి? కమీషనరు రాష్ట్రప్రభుత్వపు ఉద్యోగి. ఆయన నియామకము, బదిలీ, పదోన్నతి, శిక్ష అన్నియు రాజధానిలో జరుగును. సభ తీర్మానించిన పనిని ఆయన చేయకున్నను సభకు ఆయనను అడుగు బలము లేదు; చక్కగ చేసినను నిలుపుకొను బలము లేదు. ఊరి కాలువల స్వరూపము గ్రహించునంతలో బదిలీ ఉత్తరువు వచ్చిన మంచి కమీషనర్లను మనము చూడలేదా? శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును పదవిరీత్యా పురపాలక సభలో కూర్చుందురు; సభాధ్యక్షుని యెన్నికలో ఓటు వేయుదురు. పల్లెలలో సర్పంచిని సస్పెండు చేయు అధికారమును చట్టములు కలెక్టరున కిచ్చినవి. కలెక్టరును ప్రశ్నించు అధికారమును సర్పంచికి ఏ చట్టమును ఇయ్యలేదు.

ఆంధ్రప్రదేశములో 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ, వార్డు సచివాలయములు వెలసినవి. పరీక్ష వ్రాసి లక్షకు పైబడిన యువజనులు వానిలో చేరిరి. మేము మొదట చెప్పిన గ్రంథాలయములనుండి వచ్చినవారే వారిలో పెక్కురు. ఊరి వాకిట చదువుకొన్న ఉద్యోగి నిలుచుట మేలని మేము నిస్సంకోచముగ చెప్పెదము. కాని వారు ఊరిలో పనిచేయుదురు గాని ఊరి సభ మనుష్యులు గారు. వారి శాఖలు, బదిలీలు, పదోన్నతులు పైవారి చేతిలోనివి. ఒకే వాకిట ఇరువురు నిలిచియున్నారు: ఒకరికి చదువు, జీతము, కార్యాలయము, మరియొకరికి ప్రజల ఓటు మాత్రము. మొదటివారు రెండవవారితో కలిసి పనిచేసిన ఊరు బాగుపడును. వారిపై పెత్తనము చేసిన ఊరు చీలును. కలిసి పనిచేయుట వ్యక్తుల మంచితనమునకు వదలదగినది గాదు. చట్టమున వ్రాయవలసినది.

మా వాదమునకు బలమైన ఆక్షేపణ యొకటి గలదు. దానిని దాచుట పత్రికాధర్మము గాదు. ఊరికి అధికారమిచ్చినచో అది ఊరి పెత్తందారు చేతిలో పడునని, కులబలము ధనబలము గలవాడే సభను ఏలునని, దూరముననున్న అధికారియే పేదకు దిక్కని పలువురు చెప్పుదురు. 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగసభలో అంబేద్కరు మహాశయుడు గ్రామమును పుణ్యక్షేత్రముగ కీర్తించువారిని తీవ్రముగ ఖండించెను. గ్రామము అణచిన కులములలో పుట్టినవాని పలుకులవి; వానిని తేలికగ త్రోసివేయువాడు మన పల్లెలను ఎరుగనివాడు. కాంట్రాక్టుల కొరకే సభ్యులగువారు, భార్యను పదవిలో కూర్చుండబెట్టి తాము సంతకముల పని చూచు భర్తలు మన కండ్లయెదుట లేరా?

ఉన్నారు. అయితే 1993 తరువాత సంగతి కొంత మారినది. దళితులకు, గిరిజనులకు జనసంఖ్య ననుసరించి స్థానములు వచ్చినవి. స్త్రీలకు మూడవవంతునకు తగ్గరాదని రాజ్యాంగము చెప్పగా, మన రెండు రాష్ట్రములలోను సగము స్థానములు వారివైనవి. తాతలనాడు రచ్చబండ దరికి రానీయనివారి మనుమరాలు నేడు సర్పంచియై జెండా యెగురవేయుచున్నది. ఆమె కుర్చీలోనికి వచ్చిన తరుణముననే ఆ కుర్చీకి అధికారము లేకుండజేయుట ఏ న్యాయము? పెత్తందారు చేతిలో నున్నపుడు బలముగ నుండిన పదవి, పేదల చేతిలోనికి వచ్చునప్పటికి ఉత్సవవిగ్రహము కావలెనా? అంబేద్కరుని భయమునకు తగిన మందు రిజర్వేషను, ఆడిటు, గ్రామసభ, న్యాయస్థానము. ఊరిని శాశ్వతముగ మైనరుగ నుంచి సంరక్షకుని నియమించుట మందు గాదు. దూరపు అధికారియు లంచము తినగలడు. తినిననాడు ఊరివాడు ఆయనను ఓటుతో దింపలేడు.

కాబట్టి మేము కోరునవి కొన్నిటిని స్పష్టముగ వ్రాయుచున్నాము. మొదటిది, సభల గడువునకు ఆరునెలల ముందే వార్డుల విభజన, రిజర్వేషనుల నిర్ణయము ముగియవలెను. ఆ పని రాష్ట్రప్రభుత్వము చేతినుండి రాష్ట్ర ఎన్నికల సంఘము చేతికి మారవలెను. సాకు పుట్టు చోటనే దానిని తుంచవలెను.

రెండవది, కమీషనరునకు ఒక ఊరిలో కనీసము మూడేండ్ల నిలుకడ యుండవలెను. ఆయన పనిని గూర్చి సభ ఏటేట వ్రాతమూలమైన అభిప్రాయ మీయవలెను; ఆయన పదోన్నతిలో ఆ అభిప్రాయమునకు విలువ యుండవలెను. పట్టణపు పరిపాలన నేర్చినవారికి ప్రత్యేకమైన పురపాలక సర్వీసు బలపడి, శానిటరీ ఇన్‌స్పెక్టరుగ చేరినవాడు యోగ్యతచే కమీషనరు వరకు ఎదుగు దారి యుండవలెను. అట్లైనపుడు ఊరి కొలువు రెండవరకపు కొలువు గాక యువకులు కోరి చేరదగిన వృత్తి యగును.

మూడవది, డబ్బు. పని ఊరిది, డబ్బు రాజధానిది యన్నచో యజమాని యెవరో వేరుగ చెప్పనక్కరలేదు. 1996లో కేరళము ప్రజాప్రణాళికను మొదలిడి, రాష్ట్ర ప్రణాళికా వ్యయములో 35నుండి 40 పాళ్లు స్థానిక సంఘముల కిచ్చుటకు సాహసించెను. ఆయా శాఖల ఉద్యోగులను కూడ సంఘముల క్రిందికి తెచ్చెను. తప్పులు జరిగినవి, దిద్దుకొనిరి. మన రాష్ట్రములు ఆర్థిక సంఘములను వేళకు నియమించి, వాని సిఫారసులను శాసనసభ యెదుట నుంచి, ఒప్పుకొన్న పాలును గడువులోగా చెల్లింపవలెను. ఊళ్లును తమ ఇంటిపన్నును మొగమాటము లేక వసూలు చేయవలెను. పన్ను వేయుటకు జంకు సభకు అధికారము నడుగు నోరు చాలదు.

నాలుగవది, మూడులక్షల జనసంఖ్య దాటిన నగరములలో వార్డు సంఘము లుండవలెనని రాజ్యాంగమే చెప్పినది. అవి పేరునకు గాక నెలకొకమారు కూడి, కుళాయి, కాలువ, వీధిదీపము, పాఠశాల, గ్రంథాలయముల లెక్క వినవలెను.

ఈ నాలుగును ప్రభుత్వము చేయవలసినవి. పఠనమందిరమునందు ఈ పత్రికను చదువుచున్న పౌరులు చేయవలసినదియు కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. ఆనాటి గ్రంథాలయ కార్యకర్తలు చదువురానివారికి పత్రికను చదివి వినిపించిరి. విన్నవారు తరువాత ఉద్యమమున చేరిరి. ఆ గదులనే ఇప్పుడు మరల వాడుకొందము. పురపాలక సంఘపు బడ్జెటు ప్రతిని ఒకదానిని తెచ్చి బల్లపై నుంచుడు. వారమున కొకదినము, ఒక గంటసేపు, పదిమంది కూర్చుండి చదువుడు. మీ వార్డు పేరు ఎన్నిచోట్ల వచ్చినదో, ఎంత వ్రాసిరో, ఎంత ఖర్చుపెట్టిరో గుర్తింపుడు. సమాచార హక్కు చట్టము 2005నుండి మీ చేతిలో నున్నది. సభ జరుగుదినమున చూపరులై పోయి కూర్చుండుడు. మీ సభ్యుని పేరు తెలిసికొనుడు. మీరు తెలిసికొన్నారని ఆయనకు తెలియజేయుడు.

పరీక్షకు చదువుచున్న యువకులారా, మీ చదువు మానుడని మేము చెప్పము. కొలువు వచ్చినచో సంతోషము. వచ్చిననాడు మీరు పోవు ఊరిలోని వార్డు సభ్యుడు మీకంటె తక్కువ చదివినవాడు కావచ్చును. ఆయన వెనుక నున్న ఓట్లను తక్కువగ చూడకుడు. కొలువు రాకున్నను మీ నాలుగేండ్ల శ్రమ వ్యర్థము గాదు. రాజ్యాంగము, చట్టము, లెక్కలు, ఊరి భూగోళము ఇంతగ చదివినవారు మీ వార్డులో ఇంకెవరున్నారు? వచ్చు ఎన్నికలో మీరేల నిలువరాదు? ఓడినను మీ ఊరివారు మిమ్ము ఎరుగుదురు. గెలిచినచో పని నేర్తురు. పదవి చిన్నదని సంకోచింపకుడు. రాజమహేంద్రవరములోను అహమ్మదాబాదులోను పెద్దలు మొదలిడినది ఆ చిన్నపదవితోనే.

మొదట మేమడిగిన గ్రంథాలయపు బకాయినే మీ తొలిపనిగ గైకొనుడు. మీ ఊరిలో అది యెంతయో లెక్క తీయుడు, వ్రాతపూర్వకముగ సభ ముందుంచుడు, జవాబు వచ్చువరకు విడువకుడు. ఊరివాడు తన సొమ్మునకు లెక్క యడిగిననాడు గాని ఊరి కొలువునకు ఊరు యజమాని కాజాలదు.